తండ్రి లేని గ్రుడ్లు

కోడి ముందా, గ్రుడ్డు ముందా అన్న తగాదా ఎప్పటినుంచో ఉన్నదే. ఆ తగాదాలో పుంజు ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. ఎత్తకపోవటంలో కొంత న్యాయం లేకపోలేదు. పెట్ట గ్రుడ్డు పెట్టటానికి పుంజుతో పని లేదు. తణుకు వైపో, అనపర్తి వైపో వెళ్ళి కోళ్ళ ఫారాలు చూసినవారికి ఈ సంగతి తెలుసు. వేలకు వేలు పెట్టలుంటాయి. పుంజు మచ్చుకైనా కనపడదు. అయినా తెల్లవారేసరికి గ్రుడ్లు దొర్లుకుంటూ వస్తూనే ఉంటాయి. మనం కొట్టులో కొని తెచ్చుకునే గ్రుడ్డు అదే. దాన్ని ఇరవైయొక్క రోజులు కాదుగదా, ఇరవైయొక్క వారాలు పొదిగించినా పిల్ల లేవదు. లేవలేదని పెట్టను ఎవరూ తిట్టరు. అట్టు వేసుకుని తింటారు.

కోడి విషయంలో ఇంత సులువుగా ఒప్పుకునే మనం చేప దగ్గరకు వచ్చేసరికి ఎందుకో ఒప్పుకోం. "మగది లేకుండా గ్రుడ్లెట్లా పెడుతుందండీ?" అని ఆశ్చర్యపోతాం. పెట్టిందీ అంటే అవి పిల్లలై తీరాలంటాం. కాకపోతే తప్పు ఆ తల్లిదే నంటాం. ఈ వారం నేను చెప్పదలచింది ఈ చివరి మాటను గురించి.

తెలుగు పాఠాలు చెప్పుకునేవారికి చేపల గొడవ ఎందుకని మీరడగవచ్చు. చేప మా పాఠాలలో లేని ప్రాణి ఏమీ కాదు. దశావతారాలు దానితోనే మొదలు. అందమైన కళ్ళను వర్ణించవలసి వచ్చినప్పుడల్లా మన కవులు దాన్నే అరువు తెచ్చుకున్నారు. అన్నిటికన్నా నాకు ఇష్టమైన ముచ్చట ఇంకొకటి ఉంది. గురువు శిష్యుణ్ణి అనుగ్రహించే తీరు మూడు విధాలని చెబుతూ మన పెద్దలు మూడు ప్రాణులను ఉదాహరణగా చూపారు. చేప చూపుతోనూ, తాబేలు తలపుతోనూ, పక్షి స్పర్శతోనూ గ్రుడ్లను పిల్లలుగా చేస్తాయట! క్లాసులో ఈ ముక్క చెప్పినప్పుడల్లా సైన్సు గ్రూపు పిల్లలు కిసుక్కున నవ్వుతారు. నవ్వితే నవ్వారుగాని, ఆ మాట అన్న మహానుభావుడెవరో ఏ చెరువు గట్టునో కూర్చుని చాలాసేపు చూసి ఉంటాడని నాకు అనుమానం. ఎందుకంటే గ్రుడ్ల ఎదుట కదలకుండా నిలబడి, రాత్రింబగళ్ళు వాటినే చూసే చేపలు నిజంగా ఉన్నాయి.

వాటిలో పేరుమోసిన వంశం ఒకటి ఉంది. సిక్లిడ్లు అంటారు. ఆఫ్రికా సరస్సులలోనూ, దక్షిణ అమెరికా నదులలోనూ ఈ వంశం వందల కొద్దీ జాతులుగా విస్తరించింది. మన దేశపు స్వంత జాతులు మూడే మూడు. కేరళవారు 2010లో తమ రాష్ట్ర మత్స్యంగా ప్రకటించుకున్న కరిమీను అందులో ఒకటి. 1952లో మన దేశానికి తెచ్చి వదలిన తిలాపియా కూడా ఈ వంశానిదే. ఇక ఇళ్ళలో గాజు పెట్టెలలో పెంచుకునే ఏంజెల్, ఆస్కార్, డిస్కస్ చేపలన్నీ వీటి దాయాదులే. ఏంజెల్ చేపను మీరు చూసే ఉంటారు. ఒళ్ళు పళ్ళెంలా పలచగా ఉండి, పైకీ క్రిందికీ పొడుగాటి రెక్కలతో, పెళ్ళివారింటికి వచ్చిన పేరంటాలులా నెమ్మదిగా నడుస్తుంది. పుట్టిల్లు అమెజాన్ నదీ ప్రాంతం.

ఈ చేప గ్రుడ్లు పెట్టే వైనం చూడవలసిందే. ముందుగా ఒక వెడల్పాటి ఆకునో, నునుపైన పలకనో ఎంచుకుంటుంది. దాన్ని నోటితో గీకి గీకి శుభ్రం చేస్తుంది. తరువాత పొట్ట ఆనించి పైకి పోతూ వరుసలు వరుసలుగా గ్రుడ్లు అంటిస్తుంది. ఒక్కొక్క కాన్పుకు వందల లెక్కన ఉంటాయి. వెనుకనే మగచేప అదే వరుస మీదుగా పోతూ తన బీజాన్ని నీటిలో వదులుతుంది. ఆ పైన ఇద్దరూ వంతులవారీగా కాపలా. రెక్కలతో విసురుతూ గ్రుడ్లకు క్రొత్త నీరు తగిలేటట్లు చూస్తారు. పాడైన గ్రుడ్డును నోటితో ఏరి పారేస్తారు. రెండు మూడు రోజులలో గ్రుడ్డు చిట్లి తోక ఆడుతుంది. వారం తిరిగేసరికి పిల్లలు ఈదుతాయి.

ఇదంతా పుస్తకాలలో ఉన్న సంగతి. నేను కళ్ళారా చూసింది వేరు.

మా ప్రక్క వాటాలో ఒక కుటుంబం ఉంది. మామ్మగారు, ఆవిడ కొడుకు, కోడలు. పెళ్ళై ఆరేళ్ళయినా ఆ దంపతులకు ఇంకా పిల్లలు లేరు. ఇంటికి సందడిగా ఉంటుందని అతను ఒక గాజు పెట్టె, రెండు ఏంజెల్ చేపలు కొని తెచ్చాడు. "జోడీ" అని చెప్పి అమ్మాడట కొట్టువాడు. తిండి పెట్టటం, నీళ్ళు మార్చటం కోడలి వంతు. ఆ అమ్మాయి ఏ పని చేసినా శ్రద్ధగా చేస్తుంది. కొన్ని నెలలకు చేపలు ఎదిగాయి. ఒక శుక్రవారం ప్రొద్దున ఫిల్టరు గొట్టం మీద గ్రుడ్లు కనిపించాయి. ఇంటిల్లిపాదికీ పండుగే! మామ్మగారు స్వయంగా వచ్చి నన్ను చేయి పట్టుకుని తీసుకుపోయి చూపించారు. తేనెరంగు ముత్యాల్లా ఉన్నాయి. రెండు చేపలూ చెరొక ప్రక్కన నిలబడి ఒకటే విసరటం.

మరునాడు సగం తెల్లబడ్డాయి. ఆ మరునాటికి అన్నీ తెల్లబడి, దూదిలాంటి బూజు పట్టాయి. పది రోజులకు మళ్ళీ పెట్టాయి. మళ్ళీ అదే వరస. ఇట్లా ఐదు కాన్పులు జరిగాయి. మొదటిసారి దిష్టి అన్నారు. రెండోసారి నీళ్ళు పడలేదన్నారు. ఐదోసారి మామ్మగారు విసుగెత్తి, "ఇది గొడ్డుదిరా, మార్చి ఇంకోదాన్ని తీసుకురా" అన్నారు కొడుకుతో.

ఆవిడ చేపనే అన్నారు. ఆవిడ మనసులో ఇంకేమీ లేదని నేను ప్రమాణం చేసి చెప్పగలను. కాని వంటింటి గుమ్మంలో గిన్నె పట్టుకుని నిలబడ్డ కోడలి మొహం నేను చూశాను. ఆ సాయంత్రం ఆ అమ్మాయి మా ఇంటికి వచ్చి, అదీ ఇదీ మాట్లాడి, వెళ్ళబోతూ, "పిన్నిగారూ, ఆ చేపను తిరిగి ఇచ్చేస్తే కొట్టువాళ్ళు ఏం చేస్తారండీ?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు. మా కాలేజీలో జువాలజీ చెప్పే ఒక మిత్రుణ్ణి ఆదివారం నాడు కాఫీకి పిలిచాను. ఆయన కాఫీ త్రాగి, ప్రక్క వాటాకు వచ్చి, గాజు పెట్టె ముందు ముక్కాలిపీట వేసుకుని పావుగంట కూర్చున్నారు. అదృష్టవశాత్తు అవి ఆరో కాన్పుకు సిద్ధమవుతున్నాయి. లేచి చేతులు దులుపుకుని, "అమ్మా, ఈ ఇంట్లో మగచేప లేదు. రెండూ ఆడవే" అన్నారు.

మామ్మగారు నమ్మలేదు. "మరి రెండూ కలిసి కాపురం చేస్తున్నాయి గదయ్యా!" అన్నారు.

అప్పుడాయన విడమరచి చెప్పారు. ఏంజెల్ చేపలలో ఆడ, మగ పైకి తేడా తెలియదు. చిన్నప్పుడు కొట్టువాడికీ తెలియదు, కొనేవాడికీ తెలియదు. గ్రుడ్లు పెట్టే వేళకు మాత్రం పొట్ట క్రింద ఒక చిన్న గొట్టం బయటపడుతుంది. మగదానికి సన్నగా, మొనదేలి ఉంటుంది. ఆడదానికి లావుగా, మొండిగా ఉంటుంది. ఇక్కడ రెండింటికీ మొండిగానే ఉంది. మగచేప దొరకనప్పుడు రెండు ఆడచేపలు జత కట్టి, చోటు శుభ్రం చేసి, ఇద్దరూ గ్రుడ్లు పెట్టి, ఇద్దరూ కాయటం ఈ చేపలలో సామాన్యమే. ఆస్కార్ లాంటి చేప అయితే పెట్టెలో ఒంటరిగా ఉన్నా గ్రుడ్లు పెడుతుంది.

ఎందుకు పెట్టాలి మరి? ఆయన చెప్పిన దాన్నిబట్టి నాకు అర్థమైనది ఇది. ఆడచేప కడుపులో జన తయారు కావటానికి మగచేప అవసరం లేదు. మంచి తిండి, తగిన వెచ్చదనం, శుభ్రమైన నీరు ఉంటే చాలు, జన పెరుగుతుంది. పెరిగి పక్వానికి రాగానే పిట్యూటరీ గ్రంథి నుంచి రసాలు ఊరి, వేళ అయిందని శరీరానికి చెబుతాయి. పక్వమైన గ్రుడ్డు అండాశయాన్ని విడిచాక లోపల దాచుకోవటానికి వీలులేదు, బయటకు రావలసిందే. పెట్టెలో నీరు మార్చి కొంచెం చల్లని క్రొత్త నీరు పోస్తే వానకారు వచ్చిందనుకుని ఇంకా తొందరపడతాయి. మగచేప ఉందా లేదా అని ముందుగా విచారించుకునే ఏర్పాటు ప్రకృతి గట్టిగా చేయలేదు. నదిలో అయితే మగచేప ఎక్కడో దగ్గరలోనే ఉంటుంది గదా! గాజు పెట్టె మనం కట్టింది. చేపకు దాని సంగతి తెలియదు.

గ్రుడ్డుకు ప్రాణం పోయటం మాత్రం నీటిలో, బయట జరుగుతుంది. గ్రుడ్డు పైపొరకు సూదిమొన పట్టేటంత సందు ఒకటి ఉంటుంది. మగచేప బీజం అందులోంచి లోపలకు పోవాలి. ఆ సందు ఎంతోసేపు తెరచి ఉండదు. బీజం అందని గ్రుడ్డు ఒకటి రెండు రోజులలో తెల్లబడుతుంది. నీటిలో ఎప్పుడూ ఉండే బూజు చచ్చిన గ్రుడ్డును పట్టుకుంటుంది. బూజు పట్టి గ్రుడ్లు చావలేదు. ప్రాణం లేదు గనుక బూజు పట్టింది. గప్పీ చేపలు పెంచినవారు ఇక్కడ తికమకపడతారు. గప్పీ ఒకసారి మగదానితో కలిస్తే ఆ బీజాన్ని నెలల తరబడి కడుపులో దాచుకుని, ఒంటరిగా ఉన్నా పిల్లలను పెడుతుంది. సిక్లిడ్లకు ఆ దాపరికం లేదు.

చూపు సంగతి ఎత్తాను గనుక ఇంకొక ముచ్చట చెప్పాలి. న్యూయార్కులోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీలో లెస్టర్ ఆరాన్సన్ అనే శాస్త్రజ్ఞుడు ఒక ఆఫ్రికా తిలాపియాను పరిశీలించి 1945లో ఫలితాలు ప్రకటించాడు. ఆడచేపను ఒంటరిగా పెట్టినా గ్రుడ్లు పెట్టింది. కాని అద్దానికి అవతల ఇంకొక చేప కనబడేటట్లు ఉంచితే ఎక్కువసార్లు పెట్టింది. అవతల ఉన్నది ఆడచేప అయినా సరే! తాకటం లేదు, ఒకే నీరు కాదు, చూపు ఒక్కటే. ఆ జాతిలో గ్రుడ్లను నోట్లో పెట్టుకుని పొదిగేది తండ్రి అని వింటే మా మామ్మగారు మూడు రోజులు నవ్వుకున్నారు. మొత్తం మీద పెద్దలు చెప్పిన మత్స్య దృష్టిలో ఇంత నిజం ఉంది. చూపు గ్రుడ్డును పెట్టించగలదు. పిల్లను మాత్రం చేయలేదు.

"తండ్రి లేకుండా పిల్ల అసలు పుట్టనే పుట్టదా?" అని మీలో కొందరు అడుగుతారని తెలుసు. అరుదుగా పుడుతుంది. అమెరికాలో ఒమాహా నగరపు జంతుశాలలో మూడు ఆడ సొరచేపలే ఉన్న తొట్టిలో 2001లో ఒక పిల్ల పుట్టింది. దానికి తండ్రి లేడని 2007లో డి.ఎన్.ఎ. పరీక్షతో ఋజువు చేశారు. ఆస్ట్రేలియాలో టౌన్స్‌విల్ అక్వేరియంలో లియోనీ అనే సొరచేప 2012లో మగదానికి దూరమై, 2016లో మూడు పిల్లలను కన్నది. సిక్లిడ్ల సంగతికి వస్తే, 2016లో ఒక వింత వెలువడింది. ప్రయోగశాలలో రెండు దూరపు జాతులను కలిపితే పుట్టిన సంకర వంశంలో ఒక చేపకు గ్రుడ్లూ, బీజమూ రెండూ ఉండి, తన గ్రుడ్లను తానే ఫలింపజేసుకుంది. అంటే అక్కడ కూడా బీజం లేకుండా పిల్ల పుట్టలేదు. మన ఇళ్ళలో పెరిగే ఏంజెల్ చేపల విషయంలో ఇటువంటి ఆశలు పెట్టుకోనక్కరలేదు.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. గొడ్డు అనేది మంచి వయసున్న తెలుగు మాట. పంట పండని నేలకు వాడతాం, ఈనని ఆవుకు వాడతాం, ఆడమనిషికి వాడతాం. గొడ్రాలు అంటాం. దీనికి మగవాడి పరంగా జత మాట రోజువారీ తెలుగులో ఏదో చెప్పమని నా విద్యార్థులను అడిగాను. తడుముకున్నారు. నపుంసకుడు అన్నారు ఒకరిద్దరు. అది వేరే సంగతి. ఏ లోపమూ పైకి కనబడకుండా, సంసారం సజావుగా చేసుకుంటూ, సంతానానికి తగిన బీజం లేని మగవాడికి మన వాడుకలో పేరే లేదు. పేరు లేనిదాన్ని అనుమానించటం కష్టం. అందుచేత అనుమానమంతా పేరున్న వైపుకే పోతుంది.

చేపను తెచ్చి మనిషికి పోలిక పెడుతున్నాననుకోకండి. పోలిక పెట్టింది నేను కాదు, మన భాష. డాక్టర్లు చెప్పేది మాత్రం స్పష్టంగా ఉంది. సంతానం కలగని జంటలలో సుమారు సగం మందిలో మగవాడి వైపు కారణం కూడా ఉంటుంది. ఒంటరిగానైనా ఉంటుంది, ఆడవారి వైపు కారణంతో కలిసైనా ఉంటుంది. మగవాడికి చేసే మొదటి పరీక్ష చాలా తేలిక. కోత లేదు, నొప్పి లేదు. అయినా ఎన్ని ఇళ్ళలో ఆడపిల్ల చేత నోములు నోయించి, ఆస్పత్రులు త్రిప్పి, సూదులు పొడిపించి, అన్నీ అయ్యాక గదా అబ్బాయిని డాక్టరు దగ్గరకు పంపేది! కొన్ని ఇళ్ళలో అప్పటికీ పంపరు.

ఆ ఆదివారం మా మిత్రుడు వెళ్ళిపోయాక మామ్మగారు చాలాసేపు గాజు పెట్టె వైపే చూస్తూ కూర్చున్నారు. తరువాత ఎవరితోనూ కాదన్నట్టు, "పాపం, దీన్నా నేను ఇన్ని మాటలన్నది!" అన్నారు. కొడుకు పేపరు మడిచి ప్రక్కన పెట్టాడు. ఆ తరువాతి వారం దంపతులిద్దరూ కలిసి డాక్టరు దగ్గరకు వెళ్ళారని కోడలే చెప్పింది. ఇద్దరికీ పరీక్షలు వ్రాశారట. ఏం తేలిందో నేనడగలేదు. అది వారి ఇంటి సంగతి. ఆ మనిషి తనంతట తాను బయలుదేరాడు. నాకు అంతవరకు తెలిస్తే చాలు.

చేపలు పెంచే ఇళ్ళవారికి రెండు మాటలు చెప్పి ముగిస్తాను. ఒంటరి చేప గ్రుడ్లు పెట్టిందని కంగారు పడకండి. అది జబ్బు కాదు, అపశకునం కాదు. ఆ చేప ఆరోగ్యంగా ఉందనీ, మీరు బాగా చూసుకుంటున్నారనీ దాని అర్థం. గ్రుడ్లను వెంటనే గీకి పారేస్తే వారం పది రోజులలో మళ్ళీ పెట్టి నీరసిస్తుంది. ఒకటి రెండు రోజులు కాచుకోనివ్వండి. తెల్లబడ్డాక దానికే తెలుస్తుంది, చాలావాటిని తానే తినేస్తుంది. చూసి అసహ్యించుకోకండి, ఒంట్లోంచి పోయిన సత్తువను తిరిగి ఒంట్లోకి తెచ్చుకుంటోంది. మిగిలినవి బూజు పట్టాక తీసివేసి, కొంచెం నీరు మార్చండి. పిల్లలు కావాలనే కోరిక ఉంటే చిన్నవి ఐదారు తెచ్చి కలిపి పెంచండి. వాటిలో అవే జతలు కుదుర్చుకుంటాయి. "జోడీ" అని కొట్టువాడు చెప్పిన మాట మీద ఆధారపడకండి.

అన్నట్టు, ఎన్నిసార్లు గ్రుడ్లు తెల్లబడినా సరే, ఆ చేపను మాత్రం ఆ మాట అనకండి. దానికి వినబడదు. ఇంట్లో వినేవారు వేరే ఉంటారు.